నిల్వ తేమపై పండే పంటలో బెట్టను ఓర్చే గుణం: వసంత గోధుమ పాఠాలు, కృష్ణా మెట్ట శనగ

రకాల వివరణ పట్టికలలో పంటకాలం, వంద గింజల బరువు, ఎండు తెగులును తట్టుకొనే శక్తి వరుసగా ఇచ్చి, చివరి గడిలో "బెట్టను తట్టుకుంటుంది" అని వ్రాయడం పరిపాటి అయినది. మొదటి మూడింటికీ కొలత ఉన్నది. రోజులు లెక్కించవచ్చును, గింజలు తూచవచ్చును, తెగులు సోకిన మడిలో విత్తి ఎన్ని మొక్కలు మిగిలినవో చూడవచ్చును. నాలుగవ గడిలోని మాటకు అటువంటి కొలత సాధారణంగా ఇవ్వరు. ఆ బెట్ట ఏ దశలో వచ్చినది, ఎంత లోతు నేలలో వచ్చినది, ఆ నేలలో విత్తేనాటికి ఎన్ని మిల్లీమీటర్ల నీరు ఉన్నది అనే మూడు విషయాలు తెలియకుండా ఈ మాటకు అర్థం పూర్తి కాదు. జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతపు మెట్ట రైతు యాసంగిలో శనగ విత్తాలా వద్దా అని అడిగినప్పుడు విస్తరణ శాస్త్రవేత్త ఇవ్వవలసిన సమాధానం ఈ మూడు విషయాల మీదనే ఆధారపడి ఉన్నది. ఈ వ్యాసం ఉద్దేశం వాటిని వివరించడం.

బెట్టను ఓర్చే గుణంపై ప్రపంచంలో అత్యధికంగా పరిశోధన జరిగిన పంటలలో వసంత గోధుమ ఒకటి. చలిదేశాలలో శీతకాలపు గోధుమను మంచుకు ముందే విత్తుతారు. అది దీర్ఘమైన చలికి లోనైతే తప్ప వెన్ను వేయదు. ఆ చలి అవసరం లేని గోధుమ వసంత గోధుమ. మన దేశంలో సాగయ్యే గోధుమ రకాలన్నీ, చలికాలంలో విత్తినప్పటికీ, స్వభావరీత్యా వసంత గోధుమలే. 1965లో విడుదలైన సి 306 ఇందుకు విద్యార్థులందరూ ఎరిగిన ఉదాహరణ. పొడవైన ఈ రకం నీరు, ఎరువు ఎక్కువైతే పడిపోతుంది. కనుక హరిత విప్లవపు పొట్టి రకాల ముందు నీటివసతి భూములలో నిలువలేకపోయినది. వర్షాధారపు పొలాలలో మాత్రం చాలాకాలం నిలిచినది. నేటికీ బెట్ట పరిశోధనలలో దానిని పోల్చి చూచే రకంగా వాడుతున్నారు. ఒకే రకం ఒక పొలంలో ఓడి, మరొక పొలంలో గెలిచినదన్న ఈ సంగతిని గుర్తుంచుకోవలెను.

కృష్ణా మెట్టలో గోధుమకు చోటు లేదు. మన చలికాలం పొట్టిది. పిలకలు బాగా తొడగడానికి కావలసిన చల్లని రాత్రులు ఇక్కడ కొద్ది వారాలే ఉంటాయి. ఫిబ్రవరి వచ్చేసరికి గింజ పాలు పోసుకొనే దశలో ఎండ ముదురుతుంది. అయితే గోధుమ మధ్య భారతంలో ఏ స్థితిలో పెరుగుతున్నదో, అదే స్థితిలో మన నల్లరేగళ్ళలో పెరిగే పంట శనగ. వానాకాలంలో నేల పీల్చుకున్న నీటిని పెట్టుబడిగా పెట్టుకొని, వానలు వెనుదిరిగాక విత్తబడి, రోజురోజుకూ తరిగే తేమ మీద పూత, కాత పూర్తి చేసుకొనే పంట అది. కనుక వసంత గోధుమలో నేర్చిన పాఠాలు శనగకు నేరుగా వర్తిస్తాయి.

ఈ రకమైన బెట్టను అంత్య బెట్ట అంటారు. వానాకాలపు ప్రత్తిలోనో, మొక్కజొన్నలోనో మధ్యలో ఇరవై రోజులు వాన లేక మళ్ళీ పడినప్పుడు వచ్చే బెట్ట వేరు. అక్కడ మొక్క బ్రతికి ఉంటే చాలును, తరువాతి వానకు కోలుకుంటుంది. అంత్య బెట్టలో కోలుకోవడం ఉండదు. విత్తిననాడు నేలలో ఉన్న నీరే దాదాపు మొత్తం ఆదాయం. తరువాత వచ్చేది అదృష్టం. దీని నుంచి ఒక ముఖ్యమైన ఫలితం వస్తుంది. ఇటువంటి పంటలో మొక్క మొత్తం మీద ఎంత నీరు వాడినదనే ప్రశ్న కంటే, పూతకు ముందు ఎంత వాడినది, తరువాతకు ఎంత మిగిల్చినది అనే ప్రశ్న ముఖ్యమవుతుంది.

ఈ సంగతిని మొదట స్పష్టంగా చూపిన ప్రయోగం గోధుమ మీద జరిగినదే. ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞుడు జాన్ పాసియూరా 1972లో ప్రచురించిన ఆ ప్రయోగం ఎంతో సరళమైనది. నిల్వ తేమ మీద పెంచిన గోధుమ మొక్కలలో కొన్నింటికి ఒకే ఒక్క విత్తనపు వేరును ఉంచి, మిగిలిన వేళ్ళు పెరగకుండా చేశారు. సామాన్య జ్ఞానం ప్రకారం ఆ మొక్కలు నష్టపోవలెను. కాని అవే ఎక్కువ గింజ ఇచ్చినవి. ఒక్క వేరు గుండా నీరు నెమ్మదిగానే రాగలదు గనుక ఆ మొక్కలు తొలిదశలో పొదుపుగా పెరిగినవి. వెన్ను వేసే నాటికి వాటి కింద నేలలో నీరు మిగిలి ఉన్నది. అన్ని వేళ్ళూ ఉన్న మొక్కలు దిట్టంగా ఆకు పెంచి, గింజ కట్టే వేళకు నేలను ఖాళీ చేసుకున్నవి. వేళ్ళు ఎక్కువైతే బెట్టను తట్టుకుంటుందని తరగతిలో చెప్పే పాఠానికి ఈ ప్రయోగం ఒక హెచ్చరిక వంటిది. తరువాత రిచర్డ్స్, పాసియూరా కలిసి విత్తనపు వేరులోని దారునాళం సన్నగా ఉండే గోధుమ వరుసలను ఎంపిక చేసి, ఎండు ప్రాంతాలలో వాటికి దిగుబడి లాభం ఉన్నదనీ, తడి ప్రాంతాలలో నష్టం లేదనీ 1989లో చూపినారు.

అదే దేశంలో 2002లో విడుదలైన డ్రైస్‌డేల్ అనే వసంత గోధుమ రకం ఇదే పొదుపును ఆకు వైపు నుంచి సాధించినది. గాలిలోని కార్బన్‌లో అత్యధిక భాగం తేలికైన రూపం, అత్యల్ప భాగం బరువైన రూపం. పత్రరంధ్రాలు బాగా తెరచి ఉంచే మొక్క బరువైన రూపాన్ని ఎక్కువగా వదిలివేస్తుంది. ముడిచి ఉంచే మొక్క తక్కువగా వదిలివేస్తుంది. కనుక ఆకును ఎండబెట్టి, అందులోని రెండు రూపాల నిష్పత్తి చూస్తే, ఆ మొక్క జీవితకాలంలో నీటిని ఎంత పొదుపుగా వాడినదో తెలుస్తుంది. గ్రాహమ్ ఫర్క్హర్, రిచర్డ్స్ వంటివారు రూపొందించిన ఈ పద్ధతితో డ్రైస్‌డేల్‌ను ఎంపిక చేసినారు. ఈ ఎంపిక వలన లాభం వాన తక్కువైన చోట పెరిగినది, వాన సమృద్ధిగా ఉన్నచోట తగ్గినది. ప్రత్యేకించి నిల్వ తేమ మీద పండే పొలాలలో ఇది ప్రయోజనకరమైనది.

చివరి దశలో మిగిలిన నీటి విలువ ఎంత? ఆస్ట్రేలియాలోనే కిర్కెగార్డ్ బృందం 2007లో ఇచ్చిన కొలత దీనికి సమాధానం. గోధుమ వెన్ను వేసిన తరువాత లోతు పొర నుంచి, అనగా 1.35 నుంచి 1.85 మీటర్ల మధ్య నుంచి, అదనంగా అందిన 10.5 మిల్లీమీటర్ల నీటికి హెక్టారుకు 0.62 టన్నుల గింజ పెరిగినది. మిల్లీమీటరుకు సుమారు 59 కిలోలన్నమాట. మొత్తం పంటకాలానికి మంచి గోధుమ పంట నుంచి ఆశించే గరిష్ఠ ప్రమాణం మిల్లీమీటరుకు 20 కిలోలు. అంటే గింజ కట్టే వేళ అందిన నీటి విలువ దాదాపు మూడు రెట్లు. ఇది గోధుమ లెక్క. శనగకు అంకెలు వేరు అవుతాయి గాని, పోకడ అదే.

ఇక మన పంటకు వద్దాము. ఆంధ్రదేశంలో శనగ కథ బెట్ట కథే, కాని సాధారణంగా చెప్పుకొనే విధంగా కాదు. 1978లో వచ్చిన అన్నిగేరి రకం ఇక్కడ చాలాకాలం ప్రధానంగా సాగైనది. 1999లో విడుదలైన జె.జి. 11 జబల్‌పూర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం, పటాన్‌చెరులోని ఇక్రిశాట్ కృషి ఫలం. ఇంచుమించు అదే కాలంలో వచ్చిన కాబూలీ రకం కాక్ 2తో కలిసి ఇది ప్రకాశం, కర్నూలు, కడప, అనంతపురం జిల్లాల నల్లరేగళ్ళ ముఖచిత్రాన్ని మార్చివేసినది. 1999 ప్రాంతంలో ఉమ్మడి రాష్ట్రంలో సుమారు 1.6 లక్షల హెక్టార్లు ఉన్న శనగ విస్తీర్ణం 2008 నాటికి 6 లక్షల హెక్టార్లు దాటినది. సగటు దిగుబడి హెక్టారుకు 600 కిలోల లోపు నుంచి 1,400 కిలోలకు చేరినది. చలిదేశపు పంటగా పేరున్న శనగకు దక్షిణాదిలో ఇంతటి స్థానం లభించడం పప్పుధాన్యాల పరిశోధనలో అరుదైన విజయం.

ఈ విజయాన్ని జె.జి. 11 "బెట్టను తట్టుకొనడం" వలన వచ్చినదని వ్రాయడం పూర్తి సత్యం కాదని నా అభిప్రాయం. దాని మొదటి బలం పంటకాలం. సుమారు 95 నుంచి 105 రోజులలో కోతకు వస్తుంది గనుక ఎండ ముదిరే సమయానికి, నేల పూర్తిగా ఆరేలోపు పని ముగించుకుంటుంది. అది బెట్టను ఓర్చుకోవడం కాదు, తప్పించుకోవడం. రెండవ బలం ఎండు తెగులును తట్టుకొనే శక్తి. మూడవది, వ్యాపారి మెచ్చే లావుపాటి గింజ. వంద గింజలు సుమారు 22 గ్రాములు తూగుతాయి. తప్పించుకొనే గుణానికి ఒక పరిమితి ఉన్నది. పంటకాలం తగ్గినకొద్దీ మంచి సంవత్సరంలో రాగల గరిష్ఠ దిగుబడి కూడా తగ్గుతుంది. నేలలో ఇంకా నీరు ఉండగానే మొక్క పండిపోతే ఆ నీరు వృథా. తప్పించుకొనే దారిలో దక్షిణాదికి సరిపోయిన కొలతకు జె.జి. 11 ఇప్పటికే చేరువలో ఉన్నది. ఇంకా లాభం కావాలంటే మరొక దారి వెదకవలసి ఉన్నది.

ఆ దారిని ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు వేళ్ళలో వెదకినారు. వేల సంఖ్యలోని జన్యు వనరుల నుంచి బెట్ట పరీక్షలలో నిలిచి వచ్చినది ఐసీసీ 4958. మధ్యప్రదేశ్‌కు చెందిన ఈ దేశీ శనగ మొలిచిన కొద్ది వారాలలోనే దిట్టమైన వేరుకుదురును పెంచుతుంది, లావైన గింజ ఇస్తుంది. 120 సెంటీమీటర్ల ఎత్తైన ప్లాస్టిక్ గొట్టాలలో మట్టి నింపి, విత్తిన 35వ రోజున వేళ్ళను కడిగి కొలవడం ద్వారా శనగ జన్యు వనరుల మధ్య వేళ్ళ తేడాలను నమోదు చేసినారు. వేరు కడిగి కొలవడం ఎంత శ్రమతో కూడిన పనో స్నాతకోత్తర పరిశోధన చేసినవారికి చెప్పనవసరం లేదు. ఏటా వేల మొక్కలకు ఆ పని చేస్తూ సంకరణ కార్యక్రమం నడపడం అసాధ్యం. కనుక ఆ గుణానికి జన్యుపటంలో చిరునామా వెదకినారు. ఐసీసీ 4958ను ఐసీసీ 1882తో సంకరించగా వచ్చిన సంతతిలోను, మరొక సంకరణ సంతతిలోను, నాలుగవ అనుసంధాన సమూహంలోని ఒకే ప్రాంతం వేరు, మొక్క బరువు, గింజ బరువు వంటి అనేక బెట్ట సంబంధ గుణాలను ప్రభావితం చేస్తున్నట్లు 2014లో వెల్లడైనది. దీనికే క్యూటీఎల్ హాట్‌స్పాట్ అని పేరు. అణు గుర్తుల సాయంతో బ్యాక్‌క్రాస్ పద్ధతిలో ఈ ప్రాంతాన్ని జె.జి. 11లోనికి పంపగా, మాతృ రకం కంటే సుమారు పదోవంతు అధిక దిగుబడి ఇచ్చిన వరుసలు లభించినవి. ఈ కృషి నుంచి ఇథియోపియాలో 2019లో గెలెటు రకం విడుదలైనది. మన దేశంలో పూసా చిక్‌పీ 10216, తరువాత పూసా జె.జి. 16 మధ్య భారత మండలానికి వచ్చినవి.

ఇంతవరకు కథ వేళ్ళను సమర్థిస్తున్నది. పాసియూరా ఒంటివేరు గోధుమ దీనికి పూర్తిగా ఎదురు. ఈ రెండింటిలో ఏది నిజము?

దీనికి సమాధానం కూడా పటాన్‌చెరు నుంచే వచ్చినది. 2011లో జమాన్ అల్లా, విన్సెంట్ వాదెజ్ తదితరులు పొలంలో అంత్య బెట్టను తట్టుకున్న శనగ వరుసలనూ, తట్టుకోలేని వరుసలనూ లైసీమీటర్లలో, అనగా మట్టి నింపి తరచుగా తూచే ఎత్తైన గొట్టాలలో పెంచినారు. మొక్క ఏ రోజున ఎంత నీరు వాడినదో తూకం చెబుతుంది. తట్టుకున్న వరుసలలో వేళ్ళు మరింత లోతుగానో, దట్టంగానో ఉన్నట్లు స్థిరమైన తేడా కనబడలేదు. వాటి ప్రత్యేకత వేరే చోట ఉన్నది. నేలలో నీరు సమృద్ధిగా ఉన్న తొలిదశలోనే అవి ఆకుల ద్వారా తక్కువ నీరు విడిచినవి, శాకీయ దశలో తక్కువ వాడినవి, పూత, కాయ దశలలో ఎక్కువ వాడినవి. మరోవైపు హాట్‌స్పాట్ ప్రాంతాన్ని మరింత సూక్ష్మంగా విడదీసినప్పుడు, అందులో తొలిదశ ఏపుదనాన్ని శాసించే భాగం ప్రముఖంగా కనబడినది. తొలిదశలో ఏపుగా పెరిగే మొక్క నేలను త్వరగా కప్పి, నేల పైపొర నుంచి వృథాగా ఆవిరయ్యే నీటిని తగ్గించి, వేరును వేగంగా లోతుకు దింపుతుంది. అదే సమయంలో ఎక్కువ నీరు ఖర్చు కూడా చేస్తుంది.

కనుక ఈ రెండు పరిశోధనలూ పరస్పర విరుద్ధాలు కావు. అవి రెండు వేర్వేరు నేలల సంగతి చెబుతున్నవి. కింద ఇంకా నీరు ఉన్న లోతు నేలలో ఏపుగా పెరిగి వేరు దింపే మొక్క గెలుస్తుంది. అది వెచ్చించిన నీటికి బదులుగా మరింత నీటిని అందుకుంటుంది. అడుగున రాయి తగిలే నేలలో వేరు దిగడానికి చోటే లేదు; అక్కడ ఆ గుణం ఖర్చు మాత్రమే మిగులుస్తుంది, పొదుపరి మొక్క గెలుస్తుంది. ఒకే నామఫలకం కింద రెండు వ్యతిరేక గుణాలు ఉన్నవని చెప్పినా తప్పు లేదు.

ఈ విచక్షణ జగ్గయ్యపేట, నందిగామ మెట్టకు ఎందుకు అవసరమో ఆ నేలను చూస్తే తెలుస్తుంది. పాత కృష్ణా జిల్లాలో, 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లాలో చేరిన ఈ ప్రాంతం డెల్టా కాదు. సగటున ఏటికి సుమారు వెయ్యి మిల్లీమీటర్ల వాన కురిసే జిల్లాలో ఇది పశ్చిమపు మెట్ట. ఆ వానలో మూడింట రెండు వంతులు నైరుతిది, నాలుగవ వంతు ఈశాన్యానిది. మునేరు, పాలేరు పరీవాహకాల వెంబడి లోతైన నల్లరేగళ్ళు ఉన్నవి. వాటి మధ్యనే ఎర్ర చల్కా నేలలు, తేలికపాటి రేగళ్ళు కలగలిసి ఉన్నవి. జగ్గయ్యపేట చుట్టుపక్కల సిమెంటు కర్మాగారాలు వెలయడానికి కారణమైన సున్నపురాయి కొన్ని పొలాలలో రెండు మూడు అడుగుల లోపలే తగులుతుంది. పైకి చూస్తే రెండూ నల్లని నేలలే. నెర్రెలు రెండింటిలోనూ విచ్చుకుంటాయి. నాగలికి కూడా తేడా తెలియదు. తేడా జనవరిలో శనగ మొక్కకు తెలుస్తుంది.

ఒక మోటు లెక్క వేసి చూద్దాము. నల్లరేగడి ప్రతి పది సెంటీమీటర్ల లోతుకు, మొక్క తీసుకోగల నీరు సుమారు 15 మిల్లీమీటర్లు పట్టి ఉంచుతుందని అనుకుందాము. నేల నిండుగా తడిసి ఉంటే 120 సెంటీమీటర్ల లోతులో 180 మిల్లీమీటర్లు, 60 సెంటీమీటర్ల లోతులో 90 మిల్లీమీటర్లు ఉంటుంది. విత్తినది మొదలు పూత వరకు, సుమారు 40 రోజులు, ఆకుల ద్వారాను, నేల నుంచి ఆవిరిగాను కలిపి రోజుకు సగటున 1.75 మిల్లీమీటర్లు పోయినదనుకుంటే 70 మిల్లీమీటర్లు ఖర్చు. లోతు నేలలో పూతనాటికి 110 మిల్లీమీటర్లు మిగులుతుంది. రోజుకు 3 మిల్లీమీటర్ల చొప్పున ముప్పై ఆరు రోజుల కాపుకు సరిపోతుంది. లోతు లేని నేలలో మిగిలేది 20 మిల్లీమీటర్లు; అది వారం రోజుల వెచ్చము. ఈ రెండవ పొలంలో తొలిదశ ఖర్చును రోజుకు పావు మిల్లీమీటరు తగ్గించగల రకం పది మిల్లీమీటర్లు మిగులుస్తుంది, కాపుకు మరి మూడు రోజులు ఇస్తుంది. అదే రకం మొదటి పొలంలో తన వంతు నీరు వాడకుండానే పండిపోయే ప్రమాదం ఉన్నది. అంకెలు మార్చి మీరే లెక్క వేసి చూడవచ్చును. అంతరం మాత్రం తొలగదు. అంతేకాదు, 60 సెంటీమీటర్ల నేలలో ఏ రకమైనా వాన లేకుండా నిండు పంట ఇవ్వలేదన్న సంగతి కూడా ఈ లెక్కలోనే ఉన్నది. అక్కడ శనగకు బదులు త్వరగా ముగిసే పెసర, మినుము వంటి పైరును సూచించడం రైతుకు మేలు.

ఇందులో ముందు పంట పాత్రను తరచుగా మరచిపోతాము. ఈ మెట్టలో వానాకాలపు రాజపంట ప్రత్తి. దాని తల్లివేరు లోతుకు దిగి నీరు పీల్చుకుంటుంది. ధర లేకనో, పురుగు వలననో ప్రత్తిని ముందుగా తీసివేసి నవంబరులో శనగ విత్తాలని రైతు తలచినప్పుడు, ఆ నేల పైన తడిగా ఉన్నా లోపల ఖాళీ అయి ఉండవచ్చును. ఈశాన్యపు వాన ఒకటి పడితే విత్తనం మొలుస్తుంది. మొలక చూచి రైతు ధైర్యపడతాడు. వేరు మూడు వారాలకు పొడి పొరను చేరుతుంది. దీనికి భిన్నంగా, వానాకాలంలో పెసరో, మినుమో వేసి ఆగస్టు, సెప్టెంబరులలో ఖాళీ చేసిన పొలం, లేదా బీడుంచి దున్నిన పొలం అక్టోబరు నాటికి అడుగు వరకు తడిసి ఉండే అవకాశం ఎక్కువ. రకం ఒకటే అయినా ఈ రెండు పొలాలలోని దిగుబడులను పక్కపక్కన పెట్టి పోల్చడం అన్యాయం.

దీనిని పొలంలోనే తెలుసుకొనే ఉపాయం ఒకటి ఉన్నది. అది కూడా గోధుమ రైతుల నుంచే నేర్చుకోవచ్చును. ఆస్ట్రేలియా గోధుమ ప్రాంతాలలో విత్తుకు ముందు సన్నని ఉక్కు కడ్డీని నేలలోకి చేతితో నొక్కి చూస్తారు. తడి మట్టిలో కడ్డీ దిగుతుంది, పొడి మట్టి తగిలిన చోట ఆగుతుంది. ఎంత దిగినదో కొలిచి, దానిని మిల్లీమీటర్లలోకి మార్చుకుంటారు. పొడవాటి కడ్డీకి పైన పట్టుకోవడానికి అడ్డు పిడి, కింద కొసన కాస్త లావుపాటి మొన ఉంటే చాలు. ఏ ఊరి కమ్మరి అయినా చేయగలడు. ఎకరాకు పది చోట్ల నొక్కి చూచి, సగటు తీయవలెను. కడ్డీ 50 సెంటీమీటర్ల దగ్గరే ఆగిపోతే అది రాయి వలననా, పొడి మట్టి వలననా అనేది ఒక చోట గునపంతో త్రవ్వి తేల్చుకోవలెను. రాయి అయితే ఆ పొలానికి అది శాశ్వత సమాచారం, మళ్ళీ చూడనక్కరలేదు. పొడి మట్టి అయితే అది ఆ సంవత్సరపు సమాచారం. జగ్గయ్యపేట సమీపంలో గరికపాడు వద్ద వ్యవసాయ పరిశోధన స్థానం, కృషి విజ్ఞాన కేంద్రం ఉన్నవి గనుక, ఈ ప్రాంతపు నేలల లోతును ఊరి వారీగా నమోదు చేసే పనికి విద్యార్థులను వినియోగించుకోవడానికి అనుకూలత కూడా ఉన్నది.

ఇక్కడ విత్తన ఖర్చు సంగతి కూడా చెప్పవలెను. జె.జి. 11 వంటి దేశీ రకానికి ఎకరాకు 25 నుంచి 30 కిలోల విత్తనం కావలెను. లావు గింజల కాబూలీకి ఇంకా ఎక్కువ. పెసర, మినుము విత్తనంతో పోలిస్తే ఇది పెద్ద బరువు. కౌలు రైతు ఆ విత్తనాన్ని అప్పు మీద కొంటాడు. రెండడుగుల నేలలో "బెట్టను తట్టుకొనే రకం" అనే మాట నమ్మి విత్తి నష్టపోయినవాడికి, మన పట్టికలోని నాలుగవ గడి ఖాళీగా ఉంటేనే మేలుగా ఉండేదని అనిపించడంలో తప్పు లేదు.

శనగ ఎండిపోవడాన్నంతటినీ బెట్ట ఖాతాలో వేయడం మరొక పొరపాటు. పూత తరువాత ఎండ ముప్పై డిగ్రీలు దాటి, నేల ఆరినప్పుడు ఎండు వేరుకుళ్ళు తెగులు వస్తుంది. రైజోక్టోనియా బటాటికోలా అనే శిలీంధ్రం దీనికి కారణం. చూపుకు ఇది అచ్చంగా బెట్ట దెబ్బ వలెనే ఉంటుంది. మొక్క గడ్డి రంగుకు తిరిగి నిలువునా ఎండుతుంది. పీకి చూస్తే తల్లివేరు పెళుసుగా విరిగి సగం నేలలోనే ఉండిపోతుంది, పిల్లవేళ్ళు ఉండవు. ఎండు తెగులైతే మొక్క తల వాల్చుతుంది. కాండం మొదలును నిలువుగా చీల్చితే లోపల గోధుమ నలుపు చార కనబడుతుంది. బెట్ట మాత్రమే అయితే వేరు గట్టిగా, తెల్లగా, పూర్తిగా వస్తుంది. జె.జి. 11 ఎండు తెగులును తట్టుకుంటుంది. ఎండు వేరుకుళ్ళు దానికీ సోకుతుంది. వరి లేదా మొక్కజొన్న మోళ్ళు కుళ్ళకుండా మిగిలిన తడి పొలంలో విత్తితే మొలక దశలోనే మొదలుకుళ్ళు వచ్చి మొక్కల సాంద్రత పడిపోతుంది. నీరు ఉన్నది కదా అని విత్తిన చోట మొక్కలే మిగలకపోవడం అలా జరుగుతుంది. రకాల ప్రదర్శన క్షేత్రాలలో ఈ మూడింటినీ విడివిడిగా లెక్కించకుండా "బెట్ట నష్టం" అని ఒకే మాట వ్రాస్తే, తెగులును తట్టుకున్న రకానికి బెట్టను తట్టుకున్న కీర్తి దక్కుతుంది.

అందువలన ప్రదర్శన క్షేత్రం నుంచి దిగుబడితో పాటు మరి నాలుగు అంకెలు రావలెనని మనవి: విత్తేనాటికి తడిసిన లోతు, పూత మొదలైన తేదీ, విత్తిన తరువాత కురిసిన వాన, కోతనాటికి నేలలో మిగిలిన తేమ. చివరిది ఎవరూ తీయరు. అయితే రకం తప్పించుకున్నదా, పొదుపు చేసినదా, నీరు వదిలిపెట్టి ముందే పండిపోయినదా అనేది అదే చెబుతుంది. ఏపుగా పెరిగే హాట్‌స్పాట్ వరుసలనూ, సాధారణ జె.జి. 11నూ లోతు నేలలో ఒక జత, తేలిక రేగడిలో ఒక జతగా పక్కపక్క ఊళ్ళలో వేసి ఈ అంకెలు తీస్తే ఒక మంచి స్నాతకోత్తర పరిశోధన అవుతుంది. సాలుకు సాలుకు 30 సెంటీమీటర్లు, మొక్కకు మొక్కకు 10 సెంటీమీటర్ల సిఫారసు లోతు లేని నేలకు కూడా సరైనదేనా అనే ప్రశ్నను అందులోనే చేర్చవచ్చును. తొలిదశ నీటి ఖర్చును తగ్గించడానికి రకం ఒక్కటే మార్గం కాదు. దూరపు సాళ్ళు, పైపొరను కదిలించి నెర్రెలు పూడ్చే అంతరకృషి కూడా ఆ పనే చేస్తాయి.

నాగార్జునసాగర్ ఎడమ కాలువ చివరి ఆయకట్టులో ఒక తడికి అవకాశం ఉన్న పొలాల సంగతి చివరగా చెప్పవలసి ఉన్నది. రెండు తేలికపాటి తడులు ఇవ్వగలిగితే పూతకు ముందు ఒకటి, కాయ ఏర్పడే దశలో ఒకటి అనేది సాధారణ సిఫారసు. ఒక్కటే ఇవ్వగలిగితే, తడిసిన లోతు ఒక మీటరు దాటిన పొలంలో దానిని కాయ దశకు దాచి ఉంచవలెను. శనగ నిరంతరంగా పెరిగే స్వభావం గల మొక్క. నేలలో నీరు పుష్కలంగా ఉండగా మళ్ళీ తడి ఇస్తే కొమ్మ, ఆకు పెంచుకుంటూ పూత రాల్చుకుంటుంది. రెండడుగుల నేలలో మాత్రం కాయ దశ వరకు ఆగడం కుదరదు. పూతకు ముందే, 30 నుంచి 35 రోజుల మధ్య, పలుచగా పారించవలెను. నల్లరేగడిలో మడి నింపి నీరు నిలబెడితే ఒక్క రోజులోనే మొక్కలు పసుపు తిరుగుతాయి గనుక, కాలువలో నీరు వచ్చిన రోజున రైతును తొందరపెట్టకుండా, ముందుగా బోదెలు తీసి ఉంచుకొమ్మని అక్టోబరులోనే చెప్పవలెను.